చాతకం బతికేది పొదల్లో

మృగశిర కార్తె వచ్చిందంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో చేపల కూర ఫొటోల వెంట ఒక వీడియో కూడా తప్పకుండా వస్తుంది. తలమీద కుచ్చు, నల్లని వీపు, తెల్లని పొట్ట ఉన్న పక్షి ఒకటి నోరు తెరిచి ఆకాశంకేసి చూస్తుంటుంది. చాతకపక్షి గొంతులో రంధ్రం ఉంటుందని, అందుకే అది తల వంచి నీళ్లు తాగలేదని, నోట్లో పడిన వానచుక్కలతోనే ఏడాదంతా గడుపుతుందని, ప్రాణం పోయినా చెరువు నీళ్లు ముట్టదని, ఆత్మగౌరవమంటే దాన్ని చూసి నేర్చుకోవాలని వెనకనుంచి ఒక గంభీరమైన గొంతు చెబుతుంది. కింద వరసగా దండం గుర్తులు పడతాయి.

ఈ ఏడాది ఆ వీడియో చూసిన మా అక్క కూతురు ఫోను చేసి, "మామా, ఆ పక్షి మన దగ్గర ఉంటుందా?" అని అడిగింది. వానలు మొదలైతే మా ఊరి చెరువు కట్ట దిగువనున్న పొదల్లో చూడవచ్చని చెప్పబోయి ఆగిపోయాను. ఆ పొదలు ఇప్పుడు లేవు. మొన్న వేసవిలో యంత్రం పెట్టి వేళ్లతో సహా పెకలించి, నేల చదును చేసి, అంచున సిమెంటు బల్లలు వేశారు. రేగు, పరికి, బలుసు, తంగేడు అన్నీ ఒకే కుప్పలో ఎండి, ఆ కుప్పలోనే కాలిపోయాయి.

అప్పటినుంచీ ఒక ఆలోచన నన్ను వదలడం లేదు. చాతకం మీద మనకున్న ప్రేమంతా వాన చుట్టూ తిరుగుతుంది. ఆ పక్షి బతుకు మాత్రం ముళ్లపొదల చుట్టూ, గొంగళి పురుగుల చుట్టూ, పొదల్లో గూళ్లు కట్టే వేరే పిట్టల చుట్టూ తిరుగుతుంది. వానను తెప్పించడం మన చేతిలో లేదు. పొదను ఉంచాలా నరకాలా అన్నది పూర్తిగా మన చేతిలోనే ఉంది. చాతకాన్ని నిజంగా అభిమానించేవాళ్లు ముందు పొదల గురించి మాట్లాడాలి. ఈ మాట మా ఊళ్లో అన్నప్పుడు ఎదురైన ప్రశ్నలు చిన్నవి కావు. వాటికి జవాబు వెతుక్కుంటూ రాస్తున్నదే ఇది.

మేఘాన్నీ పక్షినీ తెచ్చే గాలి

పాత పక్షిశాస్త్ర గ్రంథాల్లో దీనికి నమోదైన తెలుగు పేరు గొల్లకోకిల. శాస్త్రీయ నామం క్లమేటర్ జాకోబినస్. 1783లో బోడార్ట్ అనే డచ్చి శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు ఆధారంగా తీసుకున్నది మన కోరమండల్ తీరపు పక్షినే. తోకతో కలిపి 33 సెంటీమీటర్లు ఉంటుంది, బరువు వంద గ్రాముల లోపే. ఎగిరినప్పుడు రెక్కమీద తెల్లని మచ్చ, తోక ఈకల చివర తెలుపు స్పష్టంగా కనబడతాయి. కొమ్మమీద కూర్చుంటే నల్లకోటు తొడుక్కున్నట్టు ఉంటుంది. గొంతు మాత్రం ఆ అందానికి తగినంత తీయగా ఉండదు. "పియూ... పియూ, పీ పీ పియూ" అని లోహం మోగినట్టు గట్టిగా, పగలే కాదు, మబ్బు పట్టిన రాత్రుల్లోనూ కూస్తుంది.

దక్షిణ భారతంలోనూ శ్రీలంకలోనూ కొంచెం చిన్న సైజు ఉపజాతి ఒకటి స్థిరంగా ఉంటుంది. మధ్య, ఉత్తర భారతానికి వానలతో వచ్చేది దానికంటే పెద్దది, ఆఫ్రికా నుంచి వస్తుంది. మన వరంగల్ ప్రాంతం ఈ రెండింటి నడుమ పడింది. కొమ్మమీది పక్షిని కింద నిలబడి చూసి అది ఏ గుంపుదో తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుకే కనబడిన ప్రతి చాతకానికీ ఆఫ్రికా ప్రయాణం అంటగట్టే రాతలు నాకు నచ్చవు. నేను చూసినంతవరకు, ఎండలు మండే రోజుల్లో మా వైపు దాని గొంతు వినబడదు. వానలకు కాస్త ముందు ఉన్నట్టుండి వినబడుతుంది. వచ్చేది పక్క జిల్లా నుంచో సముద్రం అవతలి నుంచో, వస్తుందన్నది మాత్రం నిజం.

సముద్రం దాటే చాతకాల ప్రయాణం కట్టుకథ కాదు. 2020లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ శాస్త్రవేత్తలు ఉత్తరాఖండ్‌లో రెండు పక్షులకు చిన్న ఉపగ్రహ ట్రాన్స్‌మిటర్లు కట్టి వదిలారు. వాటికి మేఘ్, చాతక్ అని పేర్లు పెట్టారు. మేఘ్ సంకేతాలు తొందరగానే ఆగిపోయాయి. చాతక్ అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా చేరి, మరుసటి వేసవిలో మళ్లీ మన దేశానికి వచ్చింది. దీని దాయాది, సాధారణ కోకిల అనిపించుకునే మరో జాతి చేసే ప్రయాణం ఇంకా పెద్దది. మంగోలియాలో 2019లో ట్రాన్స్‌మిటర్ కట్టిన ఓనన్ అనే పక్షి 2020 వసంతంలో జాంబియా నుంచి బయలుదేరి, హిందూ మహాసముద్రం దాటి మధ్యప్రదేశ్‌లో దిగి, అక్కడినుంచి మంగోలియా చేరింది. పన్నెండు వేల కిలోమీటర్ల పైచిలుకు దారి. అలాంటి రెక్కలున్న కుటుంబంలోని పక్షిని నోరు తెరుచుకుని కూర్చున్న నిస్సహాయురాలిగా చూపించడం నాకు బాధ కలిగిస్తుంది.

అది వానకు ముందు రావడంలో గూఢమైనదేమీ లేదు. మే చివర, జూన్ నెలల్లో సోమాలియా తీరం నుంచి మన పడమటి తీరం వైపు బలమైన గాలి వీస్తుంది. సముద్రం మీది తేమను మోసుకొచ్చేదీ ఆ గాలే, ఆఫ్రికా నుంచి బయలుదేరిన పక్షికి వెనకనుంచి దన్ను ఇచ్చేదీ ఆ గాలే. ఆ తేమ మబ్బై మన దగ్గర వానగా కురవడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, పక్షికి ఆ ఆలస్యం ఉండదు. 2007లో బెంగళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం మైగ్రెంట్‌వాచ్ పేరుతో మామూలు జనం చేత వలస పక్షుల రాకను నమోదు చేయించడం మొదలుపెట్టింది. ఆ పనిలో చాతకానికి ప్రత్యేకమైన చోటు దక్కింది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు తమ ఊళ్లో తొలిసారి కూత విన్న తేదీని రాసి పంపితే, వాన కంటే ముందు పక్షి వస్తున్న తీరు దేశపటం మీద కనబడింది. పాతవాళ్ల పరిశీలన తప్పు కాదు.

కాళిదాసు మేఘసందేశంలో మేఘం బయలుదేరేటప్పుడు ఎడమవైపున చాతకం తీయగా కూస్తుంది, అది శుభశకునం. యక్షుడు ఉన్న రామగిరి మన పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లాయేనని చెప్పుకునేవాళ్లు మా వైపు ఉన్నారు. నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ అన్నది ఎక్కువమంది పండితుల మాట. ఏ కొండైతేనేం, ఆ కవి జూన్ నెలలో ఆరుబయట నిలబడి ఆకాశం చూసినవాడు. మబ్బు, గాలి, పక్షి, మూడూ ఒకే శ్లోకంలో ఊరికే చేరలేదు.

పిట్ట కూతకు విత్తనం పెట్టకూడదు

అయితే పరిశీలనకూ జోస్యానికీ చాలా దూరం ఉంది. 2023 గుర్తు చేసుకోండి. ఆ జూన్‌లో మా వైపు చాతకం కూసింది. రుతుపవనాలు మాత్రం తెలంగాణలో అడుగుపెట్టేసరికి మూడో వారం దాటింది. మధ్యలో ఒక జల్లు పడగానే మా ఊళ్లో కొందరు పత్తి గింజలు పెట్టారు. నేల పైపైనే తడిసింది. గింజ ఉబ్బి, మొలక తల ఎత్తకముందే మాడింది. రెండోసారి ప్యాకెట్లు కొనాల్సి వచ్చింది. మా పెద్దబాపు మాత్రం ఆగాడు. "పిట్ట కూసిందని విత్తనం పెట్టకూడదు బిడ్డా. పార గుచ్చి చూస్తే జానెడు లోతున తడి తగలాలి. పిట్ట వచ్చేది దాని కడుపుకోసం, మన కడుపుకోసం కాదు" అన్నాడు. పక్షుల గురించి ఆయన ఏమీ చదవలేదు. చాతకం గురించి నేను విన్న మాటల్లో ఇంత సరైనది మరొకటి లేదు.

అదే ఏడాది జులై 26, 27 తేదీల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవైనాలుగు గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి నీట మునిగింది. జనం ఇళ్ల కప్పులెక్కి, చెట్లెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. జూన్‌లో చుక్క కోసం తపించిన నేలమీదే నెల తిరిగేసరికి అంత విపత్తు. ఇలాంటి కాలంలో వాన కబురు చెప్పే బాధ్యత ఒక పక్షి మీద పెట్టడం ఆ పక్షికీ న్యాయం కాదు, దాన్ని నమ్మిన రైతుకూ న్యాయం కాదు. చాతకం కూసినా వాన రాకపోతే, "పిట్టలు కూడా మారిపోయాయి" అని దాన్నే నిందించేవాళ్లను నేను విన్నాను.

మరి దాని కడుపుకు ఏం కావాలి? నర్సంపేట దాటి పాఖాల వెళ్లే దారిలో ఒక తుమ్మకొమ్మ మీద ఈ పక్షి తినడం బాగా దగ్గరనుంచి చూశాను. ముక్కున వేలెడు పొడుగు గొంగళి పురుగు, ఒళ్లంతా బొచ్చు. పక్షి దాన్ని వెంటనే మింగలేదు. ఒక కొసన పట్టుకుని, ముక్కుతో నొక్కుతూ నొక్కుతూ రెండో కొసదాకా జరుపుకొచ్చింది. పురుగు కడుపులోని పచ్చటి పసరు బొట్టుబొట్టుగా కారి ఆకుమీద పడింది. మళ్లీ మొదటి కొస నుంచి అదే పని. అటూ ఇటూ విదిలించి, కొమ్మకేసి కొట్టి, అప్పుడు మింగింది. ముక్కుకు అంటిన వెంట్రుకలను బెరడుకు రాసుకుని తుడుచుకుంది. వేరే పిట్టలు చాలావరకు ముట్టని ఆ బొచ్చు పురుగే దీనికి ఇష్టమైన తిండి. మిడతలు, గొల్లభామలు, వాన పడ్డాక పైకి లేచే ఉసిళ్లు కూడా తింటుంది.

గొంగళి పురుగు ఒంట్లో ఎక్కువ భాగం నీరే. చాతకానికి కావలసిన తేమలో చాలావరకు ఈ తిండి నుంచే వస్తుంది. చెరువు గట్టున వంగి నీళ్లు తాగుతూ అది అరుదుగా కనబడటానికి కారణం అదే అయి ఉంటుందని, గొంతులో రంధ్రం కథ కూడా అక్కడే పుట్టి ఉంటుందని నా ఊహ. గొంతులో ఏ రంధ్రమూ లేదు. అన్ని పక్షులకూ ఉన్న గొంతే దానికీ ఉంది.

వాన పడితే ఆకు పుడుతుంది, ఆకు పుడితే పురుగు పుడుతుంది, పురుగు పుడితే పిల్లల్ని పెంచే కాలం వచ్చినట్టు. చాతకం ఆ కాలానికి సరిగ్గా అందేలా వస్తుంది. పొదలే లేనిచోట ఎంత వాన పడినా దానికి దక్కేది శూన్యం.

సిదపిట్టల ఇంట్లో పెరిగే పిల్ల

కోకిలలాగే ఇది కూడా గూడు కట్టదు. మన దేశంలో ఇది ఎక్కువగా గుడ్లు పెట్టేది సిదపిట్టల గూళ్లలో. ఏడెనిమిది కలిసి తిరుగుతూ, ఎండుటాకులు తిరగేస్తూ, ఒకటి అరిస్తే అన్నీ అందుకుని గొడవ చేసే బూడిదరంగు పిట్టలవి. వరంగల్‌లో వీటిని చూడనివాళ్లు ఉండరు, పేరు తెలిసినవాళ్లు తక్కువ. సిదల గుడ్లు మెరిసే నీలం రంగు. చాతకం గుడ్డూ అదే నీలం. ఆఫ్రికాలో ఇదే జాతి పక్షులు పిగిలిపిట్టల గూళ్లలో గుడ్లు పెడతాయి. దక్షిణాఫ్రికాలో ఆ గుడ్లు తెల్లగా ఉంటాయి, అక్కడి ఆతిథ్య పక్షుల గుడ్లతో ఏ పోలికా ఉండదు. ఒకే జాతి ఒకచోట అంత నేర్పుగా రంగు కలిపి, మరోచోట ఆ ఊసే లేకుండా నెగ్గుకురావడం నాకు ఎప్పటికీ తరగని ఆశ్చర్యం.

పని క్షణాల్లో ముగుస్తుంది. మగపక్షి బయట కూస్తూ సిదల దృష్టిని తనవైపు తిప్పుకుంటే, ఆడపక్షి గూటి అంచున వాలి గుడ్డు జారవిడిచి ఎగిరిపోతుంది. దాని గుడ్డుకు పెంకు మందం. ఒక్కోసారి పైనుంచి పడిన ఆ గుడ్డు తగిలి సిద గుడ్లు చిట్లుతాయి. చాతకం పిల్ల దాదాపు పదకొండు రోజుల్లో, అంటే సిదపిల్లల కంటే ముందే గుడ్డు పగిలి బయటికి వస్తుంది. యూరప్ కోకిల పిల్లలా ఇది తోటి గుడ్లను వీపుతో ఎత్తి బయటికి తోసేయదు. తిండి దగ్గర మాత్రం ముందుంటుంది. సిదపిల్లల్లో కొన్ని దానితో పాటే పెరుగుతాయి, కొన్ని ఆకలికి పోతాయి.

బతుకమ్మకు కొద్ది రోజుల ముందు, కాజీపేట దాటాక రైలు పట్టాల పక్కనున్న పొదల్లో ఒక చాతకం పిల్లను చూశాను. గూడు వదిలి వచ్చింది కానీ ఇంకా తనంతట తాను తినడం రాదు. వీపు మాసిన గోధుమరంగు, తలమీద కుచ్చు పొట్టిగా ఉంది. రెక్కలు వణికిస్తూ ఆగకుండా అరుస్తోంది. ఒక సిద వచ్చి నోట్లో మిడత పెట్టి వెళ్లింది. అది వెళ్లేలోపే ఇంకోటి, దాని వెనక మరోటి. సిదల కుటుంబంలో తల్లిదండ్రులే కాదు, అన్నలు, అక్కలు, పిన్నులు, అందరూ పిల్లలకు తిండి తెస్తారు. ఆ గుంపులో ఒక సిద మేపడం అయ్యాక కూడా వెళ్లలేదు. పిల్ల పక్కన ఒరుసుకుని కూర్చుని దాని మెడమీది ఈకలు సర్దింది.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "అయితే అది దొంగ పక్షి కదా" అంటారు. వీడియోలో దండాలు పెట్టినవాళ్లే ముఖం చిట్లిస్తారు. ఈ మాట మనసును తాకని మాట కాదు. ఆకలికి చచ్చిన సిదపిల్ల నష్టం నిజమైన నష్టమే. అయినా చాతకాన్ని దేవతగా చూడటమూ దొంగగా చూడటమూ ఒకే పొరపాటు. రెండింటిలోనూ మన నీతి దాని నెత్తిన పెడుతున్నాం. సిదలు ఒక గూడు పోతే మరో గూడు కడతాయి, గుంపుగా నిలదొక్కుకుంటాయి. యుగాలుగా రెండూ ఒకే పొదలో బతుకుతూ వస్తున్నాయి. సిద లేకపోతే చాతకం లేదు. సిదకు గూడు కట్టే గుబురు లేకపోతే రెండూ లేవు.

ఇక్కడ నల్లకోకిలను పక్కన పెట్టి చూడండి. అది కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కాకి మన చెత్తమీద బతుకుతుంది, కాబట్టి హనుమకొండ ఎంత పెరిగినా కోకిల గొంతు తగ్గలేదు. చాతకం ఎంచుకున్న ఇల్లు అలాంటిది కాదు. సిదలు నగరాల్లోని తోటల్లో, కళాశాలల ఆవరణల్లో కూడా ఉంటాయి కదా అని మిత్రుడొకరు నిలదీశారు. నిజమే, ఉంటాయి. ఆ ఆవరణల్లో ఎండుటాకును రోజూ ఊడ్చి తగలబెడతారు, గడ్డిలో పురుగు కనబడితే మందు కొడతారు. సిద అన్నం మెతుకులతోనైనా పొట్ట నింపుకుంటుంది, చాతకానికి గొంగళి పురుగు కావాలి. ముందు ముందు అది కూడా నగరానికి అలవాటు పడుతుందేమో. పడితే సంతోషమే. ఆ ఆశ చూసుకుని ఉన్న పొదలు పోగొట్టుకోమంటే నేను ఒప్పుకోను.

సముద్రం దాటి వచ్చే చాతకాల్లో, శరత్కాలానికి పెద్దపక్షులు ముందే వెళ్లిపోతాయి. ఆ ఏడాది పుట్టిన పిల్లలు తర్వాత బయలుదేరతాయి. సిదల మధ్య పెరిగి, సిదల అరుపులు విని, తన జాతి పెద్దలతో ఒక్క రోజైనా గడపని పిల్ల, ఎవరూ దారి చూపకుండా, ఎన్నడూ చూడని సముద్రం మీదికి రెక్క చాస్తుంది. ఆత్మాభిమానం గురించిన వీడియో తీసేవాళ్లకు ఇంతకంటే గొప్ప విషయం ఏం కావాలి?

పురుగు పేరెత్తితే

నా వాదనకు అన్నింటికంటే బలమైన అడ్డు పొలంలోనే ఉంది. గొంగళి పురుగులను పెంచే పొదలను ఉంచండని వరంగల్ రైతుతో అనడం తేలిక కాదు. 1997-98లో పొగాకు లద్దెపురుగు పత్తిని ఆకులేకుండా తినేసిన ఏడాది ఈ జిల్లాలో ఎన్ని ఇళ్లలో దీపం ఆరిపోయిందో మా తరం మరిచిపోలేదు. పురుగును చంపడానికి అప్పు చేసి తెచ్చిన మందే తాగి రైతులు చనిపోయారు. మా వైపు పురుగు అన్న మాట పెదవి మీదినుంచి మామూలుగా రాదు.

అందులోనూ చాతకం ఇష్టపడే బొచ్చు పురుగుల్లో ఎర్ర గొంగళి పురుగు ఆముదం, వేరుశనగ, పెసర చేలను గుంపులుగా తినేసే తెగులు. తొలివానలకు నేలలోని కోశాల నుంచి రెక్కల పురుగులు లేస్తాయి. వాటిని ఆకర్షించి చంపడానికి రాత్రిళ్లు చేలగట్ల మీద మంటలు వేయమని, వేసవిలో లోతు దుక్కులు దున్ని కోశాలను ఎండకు పెట్టమని వ్యవసాయ శాఖ ఏటా చెబుతుంది. ఆ కోశాలు దాగేది గట్ల మీద, చెట్ల నీడన, దున్నని నేలలో. అంటే నేను ఉంచమంటున్న పొదల కిందే. "నీ పిట్ట కోసం నా చేనుకు తెగులు తెచ్చుకోనా?" అని పెద్దబాపు సూటిగా అడిగాడు.

దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. ఒక పక్షి జత వచ్చి తెగులును ఆపుతుందని నేను చెప్పను. అలా చెప్పడం అబద్ధం. పురుగు ఉప్పెనలా వచ్చిన ఏడాది పక్షులవల్ల పంట దక్కదు. కానీ గట్టుమీద పొద ఉన్నప్పుడు అక్కడ చాతకం ఒక్కటే ఉండదు. సిదలు, కందిరీగలు, సాలెపురుగులు, తొండలు, పసిరికపిట్టలు ఉంటాయి. పురుగు ఉండేచోటే పురుగును తినేవీ ఉంటాయి. పొద కొట్టేస్తే తినేవన్నీ పోతాయి, పురుగు మాత్రం మళ్లీ వస్తుంది. లోతు దుక్కి దున్నవద్దని, మంటలు వేయవద్దని నేను అనడం లేదు. అవి చేలో చేసే పనులు. గట్టు మొత్తం బోడి చేయడానికి వాటితో సంబంధం లేదు.

గట్టు బోడి కావడానికి అసలు కారణం పురుగు భయం కాదు, కూలీల కొరత. కొడవలి పట్టే మనిషి దొరకడం లేదు, దొరికినా కూలి ఇచ్చుకోలేరు. గడ్డిమందు డబ్బా తెచ్చి ఒక పూటలో కొట్టేస్తే పని అయిపోతుంది. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు వాడకాన్ని పరిమితం చేస్తూ కేంద్రం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. మా వైపు గట్లు చూస్తే మాత్రం జూన్, జులై నెలల్లోనే వడలి పసుపురంగుకు తిరిగి ఉంటాయి. ఊరంతా పచ్చబడే కాలంలో గట్టు ఒక్కటే ఎండిపోయి కనబడుతుంది. దాన్ని చూసినప్పుడు నాకు కోపం వస్తుంది. ఆ కోపం రైతుమీద కాదు. అతనికి వేరే దారి చూపనివాళ్ల మీద.

కట్టమీద ఏది ఉండాలి, ఏది ఉండకూడదు

చెరువు కట్ట సంగతి వేరు. కాకతీయుల నాటి కట్టలు ఎనిమిది వందల ఏళ్లు నిలిచాయంటే వాటిని కనిపెట్టుకుని ఉన్నవాళ్లు ఉండబట్టే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీయడంతో పాటు కట్టలమీది చెట్లనూ తొలగించారు. అది అవసరమైన పనే. పెద్ద చెట్టు వేరు కట్టలోకి దిగి, ఆ చెట్టు చచ్చి, వేరు కుళ్లితే ఆ సందులోంచి నీరు కారడం మొదలవుతుంది. కట్ట తెగితే మిగిలేది ఏమిటో మోరంచపల్లి చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. కాబట్టి కట్ట వాలుమీద చెట్లు ఉంచమని నేను అడగను. సర్కారు తుమ్మను కూడా వెనకేసుకురాను. అది చెరువు శిఖాన్ని ఆక్రమించి వేరే మొక్కను బతకనివ్వదు, పీకేయాల్సిందే.

నేను అడిగేది కట్ట దిగువన, తూముకాలువ పక్కన, ఎవరి పట్టా కాని ఆ పలచని నేల గురించి. బాటల పక్కన, శ్మశానాల పక్కన, పాత బావుల చుట్టూ మిగిలిన గుబుర్ల గురించి. వాటిని అందరూ పిచ్చిచెట్లు అంటారు. పిచ్చిచెట్లు తీసేసి బల్లలు, రంగుదీపాలు, నున్నటి గడ్డి పెడితే అభివృద్ధి అంటారు. అక్కడ పాములుంటాయి, పిల్లలు ఆడుకునే చోటు, అడవిపందులు దాక్కుంటాయి అన్న వాదన గ్రామసభలో ఒక పెద్దావిడ చేసింది. ఆమె మనవడిని పాము కరిచిన సంగతి ఊరందరికీ తెలుసు. ఆమె మాటకు ఎదురు చెప్పలేకపోయాను. బడి చుట్టూ, ఇళ్ల చుట్టూ శుభ్రంగా ఉండాల్సిందే. ఊరికి దూరంగా ఉన్నదాన్ని కూడా ఎందుకు కొట్టాలన్నదే నా ప్రశ్న.

తంగేడు విషయమే చూడండి. అది మన రాష్ట్ర పుష్పం. బతుకమ్మలో తొలి వరసలో తంగేడు లేకపోతే మా అవ్వకు పండగ చేసినట్టే ఉండదు. ఆమె చిన్నప్పుడు ఇంటి వెనక గట్టుకు వెళ్లి ఒడినిండా కోసుకొచ్చేది. ఇప్పుడు మా ఊరివాళ్లు బండ్ల మీద పొరుగు మండలాల దాకా వెళ్లి తెస్తున్నారు, లేదా వరంగల్ బజారులో కట్ట కొంటున్నారు. తంగేడు పొద పోయినచోటే సిద గూడు పోయింది, చాతకం పిల్ల పెరిగే చోటు పోయింది.

రాష్ట్ర పక్షి పాలపిట్ట సంగతీ అంతే. దసరానాడు దాన్ని చూడటం శుభమని, పట్టుకుని పంజరంలో పెట్టి ఇంటింటికీ తిప్పి చూపించి డబ్బు అడిగేవాళ్లు ఉన్నారు. రెక్కలు నలిగి, తిండి లేక అవి చనిపోతాయి. పక్షిమీద భక్తి ఉన్నంతమాత్రాన దాన్ని కాపాడినట్టు కాదని మనకు ఇంతకంటే ఏ రుజువు కావాలి? చాతకాన్ని ఎవరూ పంజరంలో పెట్టడం లేదు. అది దిగే నేలను మాత్రం మనమే లేకుండా చేస్తున్నాం.

పెద్దబాపుతో ఈ వాదన ఏడాదిగా నడుస్తోంది. ఆయన పొలానికి వాగువైపున పొడుగాటి గట్టు ఒకటి ఉంది. రేగు, పరికి, నాలుగైదు తంగేడు పొదలు, రెండు మోదుగులు ఇంకా మిగిలాయి. ఈ వానకాలం దానికి గడ్డిమందు కొట్టనని ఒప్పుకున్నాడు. షరతులు పెట్టాడు. పొదలు చేలోకి వంగితే కొమ్మలు నేనే నరకాలి. సర్కారు తుమ్మ మొలిస్తే వేరుతో పీకే పనీ నాదే. పెసరలో ఎర్ర గొంగళి కనబడిన రోజు మాత్రం ఆయన తనకు తోచింది చేస్తాడు, నేను మధ్యలోకి రాకూడదు. మూడింటికీ సరేనన్నాను. ఆరుద్ర కార్తెకు ముందే కొడవలి సాన పట్టించుకుని వెళ్లాలి. మోదుగు వైపున అప్పుడే రెండు తుమ్మ మొలకలు కనబడ్డాయని నిన్న ఫోనులో చెప్పాడు.